కొండ మీది సామి పేరు

“...ఆఫీసరు మళ్ళీ అడిగినాడు, మొగుడి పేరేటీ అని. మా అమ్మా? ఊఁహూఁ! కొంగు నోట్లో కుక్కేసుకుంది!” అంటూ మా నాన్న భుజం మీది తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని మరీ చూపించాడు. పంక్తి పంక్తంతా ఘొల్లుమంది. ఇపో ఊళ్ళో మా పెదనాన్న కూతురి పెళ్ళి భోజనాలు. అరిటాకుల్లో అప్పుడే వడ్డించిన పులిహోర నుంచి ఇంగువ వాసన కమ్మగా వస్తోంది. అచ్చం మా మామ్మ చేతి పులిహోర వాసన. “మొగుడి పేరు సెప్పలేదు, నీలం ఐసీ రాలేదు, అంతే లా!” అని మలేషియా యాసలో నాన్న ముగించాడు. నేనూ నవ్వాను. ఈ కథ ఎన్ని పెళ్ళిళ్ళలో చెప్పినా, అందరికంటే గట్టిగా నవ్వేది నేనే.

తెలియని వాళ్ళకి చెప్తాను. ఐసీ అంటే మా మలేషియాలో గుర్తింపు కార్డు. పౌరులకి నీలం కార్డు ఉంటుంది, ఎన్నేళ్ళున్నా పౌరులు కాని వాళ్ళకి ఎర్రది. మా నాన్నని కన్న తల్లి, మా మామ్మ, శ్రీకాకుళం వైపు నుంచి వాళ్ళమ్మ చంకనెక్కి ఓడలో వచ్చింది. రబ్బరు తోటలో పెరిగింది, తోటలోనే పెళ్ళి చేసుకుంది, ఆరుగురిని కంది. కానీ ఆవిడది ఎర్ర కార్డే.

సుంగై పెటాని ఊరి పక్కన ఆ తోటలో, వరసగా కట్టిన కూలీల ఇళ్ళలో నాకు పన్నెండేళ్ళు వచ్చేదాకా ఉన్నాం. ఇంటికి ఒక గది, ఒక వంటిల్లు, పైన రేకులు, వాన పడితే ఒకరి మాట ఒకరికి వినపడదు. ఎండిన రబ్బరు పాల కంపు మా జడల్లో, దుప్పట్లలో, ఆఖరికి అన్నంలో కూడా ఉండేది, బడిలో పిల్లలు ముక్కు మూసుకుంటే నాకు ఏడుపొచ్చేది. ఆకు రాలే కాలంలో తోటంతా ఎర్రబడి కాళ్ళ కింద కరకరలాడేది. కాయలు పగిలే కాలంలో గింజలు రేకుల మీద టపటపా పడేవి, ఒక గింజని సిమెంటు గట్టు మీద రుద్ది రుద్ది, బాగా కాలాక పక్కవాళ్ళ చేతికి అంటించి పారిపోవడం మా ఆట. పొద్దున్న చద్దన్నంలో చిన్నుల్లిపాయలు, మధ్యాహ్నం ఎండుచేపల పులుసు. ఉగాది వస్తోందంటే చాలు, పిడికెడు వేపపువ్వు కోసం మామ్మ రెండు బస్సులు మారి ఎవరింటికో వెళ్ళొచ్చేది.

తాత నేను పుట్టకముందే పోయాడు. మామ్మ ఆయన గురించి రోజూ మాట్లాడేది గానీ ఒక్కసారి కూడా పేరు పలికేది కాదు. వారు అనడానికి “ఆరు” అనేది, “మీ తాత” అనేది, మరీ ముద్దొస్తే “ఆ ముసిలాయన” అనేది. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందట. పోయినాయనకి ఇంకేం ఆయుష్షు మామ్మా అంటే, “నోర్ముయ్యే గుంటా” అని నెత్తి మీద మొట్టేది.

నాకు పదేళ్ళప్పుడు నాన్న ఎలాగో కాగితాలన్నీ పోగుచేసి మామ్మ నీలం కార్డుకి అర్జీ పెట్టాడు. మలాయ్ భాషలో మాట్లాడి చూపించాలన్నారు. బడిలో నాకు మంచి మార్కులొచ్చేది మలాయ్‌లోనే, ఇంక దేంట్లోనూ లేవు, అంచేత పంతులమ్మని నేనే. రెండు వారాలు స్కేలు పట్టుకుని కూర్చున్నాను.

“నీ పేరేంటి మామ్మా? మలాయ్‌లో చెప్పు.”

“ఓలమ్మా, నా పేరు నీకు తెలీదేటే?”

తప్పు చెప్తే స్కేలుతో అరచేతి మీద కొట్టేదాన్ని. నిజంగానే నేర్చుకుంది. ఆ కార్డు ఆవిడకి అంత కావాలి. “నానూ ఓటెయ్యాల. సచ్చిపోయేలోగా ఒక్కపాలి,” అనేది.

ఆ రోజు నాన్న మమ్మల్ని ఆఫీసు దగ్గర దింపేసి పనికి వెళ్ళిపోయాడు. ఆఫీసరు మంచాయన, మామ్మని “నెనెక్” అని, వాళ్ళ భాషలో నాయనమ్మని పిలిచినట్టే పిలిచాడు. పేరు, ఊరు, ఎంతమంది పిల్లలు, అన్నిటికీ మామ్మ టకటకా చెప్పింది. తర్వాత భర్త పేరు అడిగాడు. మామ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా వైపు చూసింది. నాకు తాత అంటే తాతే, పేరు తెలీదు. నా చెవి దగ్గరకి వంగి, “సింహాసలం కొండ మీద సామి లేడేటే? ఆ పేరే, సెప్పు,” అంది.

సింహాచలం ఎక్కడుందో నాకేం తెలుసు? మా దేశంలో కొండ మీద గుడి అంటే తమిళుల దేవుడు మురుగన్ గుడి. ఏటేటా పాలకుండలతో ఎక్కుతాం. “మురుగన్!” అన్నాను ఖంగుమని. మామ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. “కాదే గుంటా, మన సామి, ఒంటినిండా సందనం పూసుకుంటాడే, ఆ సామి,” అంది. ఆఫీసరు ముందర తెలీదని ఒప్పుకోవడం నాకు నామోషీ. “మురుగనే సార్, మా మామ్మకి సిగ్గు,” అని మలాయ్‌లో నవ్వుతూ చెప్పేశాను. ఆయన ఫైలు చూశాడు, మళ్ళీ అడిగాడు, మళ్ళీ అదే చెప్పాను. ఫైల్లో పేరుతో కలవడం లేదని, పెళ్ళి కాగితం తెమ్మన్నాడు. తోటలో పసుపుతాడు కట్టిన పెళ్ళికి కాగితమెక్కడిది?

సాయంత్రం నాన్న “ఏటైంది?” అని అడిగితే, “మామ్మ తాత పేరు సెప్పలేదు,” అన్నాను. అందులో అబద్ధం లేదు. మామ్మ నా ముఖంలోకి చూసింది. నేను నేల చూశాను.

“నోరు రాలేదురా,” అంది మామ్మ.

నాన్న ఇల్లెగిరిపోయేలా అరిచాడు, “ఒక్క పేరమ్మా! ఒక్క పేరు!” మామ్మ వంటింట్లోకి వెళ్ళి, ఆ పూట చేప నడిముక్క తెచ్చి నా కంచంలో వేసింది. అది తినేశాను కూడా.

నాన్న మళ్ళీ అర్జీ పెట్టలేదు. విసుగొచ్చిందన్నాడు. కొన్నేళ్ళకి నాన్న ఐసీ మీద తండ్రి పేరు చూశాను, అప్పన్న. సింహాచలం మీద ఉండేది అప్పన్న సామి అని అప్పుడెవరో చెప్పారు. అప్పుడైనా నోరు విప్పానా? లేదు. ఓట్ల రోజున మామ్మ మంచి చీర కట్టుకుని గుమ్మంలో కూర్చునేది. మేం తిరిగొచ్చాక నాన్న వేలికున్న సిరా గీత తడిమి చూసి, “ఎన్నాళ్ళుంటాదిరా ఇది?” అని అడిగేది. నాలుగేళ్ళ కిందట ఎర్ర కార్డుతోనే పోయింది.

ఇప్పుడు ఆ ఇళ్ళు లేవు, తోట లేదు, అక్కడ పామాయిలు చెట్లూ కొత్త మేడలూ వచ్చాయి. నేను గ్లవ్స్ ఫ్యాక్టరీలో చేస్తున్నాను, అక్కడి రబ్బరు వాసన వేరు, మందుల వాసన. స్నానాలగదిలోంచి తువ్వాలు కోసం మా ఆయన్ని పేరు పెట్టి కేకేస్తాను. పేరు పలక్కుండా ఒక మనిషిని అంత దగ్గరగా పెట్టుకునే విద్య మామ్మతోనే పోయింది. నేను ఎగతాళి చేశానే గానీ, ఆ సామి గురించీ ఆ కొండ గురించీ చెప్పమని ఒక్కనాడూ అడగలేదు.

పెళ్ళయిన మర్నాడు పొద్దున్న, పెదనాన్న ఇంటి వాకిట్లో కొత్త వియ్యాలవారికి టీలు ఇస్తుంటే నాన్న మళ్ళీ తువ్వాలు అందుకున్నాడు, “మా అమ్మ కత సెప్తాను వినండి...”

నేను టీ పళ్ళెం కింద పెట్టేశాను. “ఆగు నాన్నా,” అన్నాను, అందరి ముందూ. “మామ్మ సెప్పింది. తనకి సేతనైనట్టు రెండుసార్లు సెప్పింది. తప్పు పేరు సెప్పింది నాను.”