పలకరాళ్ళ అరలు... అమ్మ కట్టిన బట్టల గది

మా చిన్నప్పుడు ఒక ఎండాకాలం... అమ్మ కట్టెల కొట్టులోని కట్టెలు, పిడకలు అన్నీ వాకిట్లో గుమ్మరించి, చీపురు పట్టుకుని నిలబడి, "ఇంక ఇది బట్టల గది" అంది.

నాయన పకపకా నవ్వాడు. "మనుషులు పండుకునేదానికే చోటు లేదు, గుడ్డలకు గదేందే?"

మాది మార్కాపురం. నాయన పలకల ఫ్యాక్టరీలో రాయి కోసేవాడు. అమ్మ అక్కడే పలకలకు చెక్క ఫ్రేములు బిగించేది. ఇంటికి వచ్చేసరికి ఇద్దరికీ కనుబొమ్మల మీద కూడా బూడిదరంగు దుమ్ము... దండెం మీది బట్టలకూ అదే దుమ్ము. ఇంకో పది రోజుల్లో అక్క బాప్తిస్మం. దానికని కొత్త తెల్లచీర కొన్నారు. ఆ చీరకు మాత్రం దుమ్ము తగలకూడదని అమ్మ పట్టుదల. అందుకే ఈ గది.

బీరువా కొనే స్తోమత ఎక్కడిది... ఫ్యాక్టరీలో అంచులు విరిగి పక్కన పడేసిన పెద్ద రాళ్ళను మేస్త్రిని అడిగి, నాయన సైకిలుకు కట్టుకుని తెచ్చాడు. అమ్మ టేపు ముట్టుకోలేదు. నాయన చొక్కా మడిచి రాయి మీద పెట్టి, మేకుతో గీత గీసింది. అక్క ఓణీ మడిచి ఇంకో గీత. ఆ గీతల ప్రకారం కోసి, గోడకు చెక్కలు దిగ్గొట్టి, వాటి మీద రాళ్ళు పరిచారు.

బొంతలు అడుగున... రోజూ వేసుకునేవి చేతికందే ఎత్తులో... చర్చి బట్టలు అన్నిటికన్నా పైన. అడ్డంగా ఒక వెదురు బొంగు, గుమ్మానికి పాత దుప్పటి పరదా. ఫ్యాక్టరీ బట్టలతో గడప దాటకూడదని రూలు. నాయన ఒకరోజు మరిచిపోయి అడుగు పెడితే, అమ్మ ఆయన్ని వాకిట్లోకి తోలింది. అంత నవ్విన మనిషి, నాలుగో రోజుకల్లా తన చొక్కాలు తనే మడతలు పెట్టుకుంటున్నాడు!

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. పలకరాయి కనిపిస్తే రాయకుండా ఉండే పిల్ల మా ఊళ్ళో ఉండదు. ఎవరి అర మీద వాళ్ళ పేరు రాద్దామని బలపం పట్టుకున్నాను... నాయన, అక్క, నేను, పై అర మీద ఆదివారం.

అక్షరాలు సరిగా కనిపించలేదు. ఇంకేముంది... బళ్ళో పలకకు చేసినట్టే బొగ్గు నూరి, దొండాకు పసరు కలిపి, బట్టలన్నీ తీసి అరలకు బాగా పట్టించాను. రాయి నిగనిగలాడింది. ఆరిందిలే అనుకుని పేర్లు రాసి, బట్టలు మళ్ళీ సర్దేశాను. తెల్లచీరతో సహా.

బాప్తిస్మం ఆదివారం. శనివారం మధ్యాహ్నం అక్క చీర విప్పింది... నాలుగు మడతల లోపలికి దిగిన మరక. అరచేయంత. నల్లగా, పచ్చగా.

అక్క చీర ఒళ్ళో పెట్టుకుని అట్లాగే కూర్చుండిపోయింది. తిట్టినా బాగుండేది.

అమ్మ సబ్బు పెట్టి రుద్దింది, నిమ్మకాయ పిండింది. బొగ్గు పోయింది, పసరు పోలేదు. "ఎట్లా నీళ్ళలో మునిగేదే గదా... ఎవురు చూస్తారు లే" అన్నాడు నాయన. అమ్మ చూసిన చూపుకు లేచి వాకిట్లోకి పోయాడు.

నాకు దెబ్బలు ఖాయం అనుకున్నాను. అమ్మ మాత్రం చేతులు తుడుచుకుని వంటింట్లోకి పోయి, జొన్నల బస్తా వెనక నుంచి ఒక మూట లాగింది. అందులో తన పెళ్ళినాటి తెల్లచీర ఉంది. కాస్త పసుపు తిరిగింది గానీ మరక లేదు. దాని కింద అమ్మ మామూలు చీరలు మూడు, రవికలు...

అక్క ఆ మూట వైపే చూసింది. "నీ బట్టలు ఈడున్నాయేందిమా? గదిలో నీ అర ఏది?"

"నాకెందుకులే... ముందు మీకు సరిపోవాల గదా."

పేర్లన్నీ రాసింది నేను. అమ్మ పేరు రాయలేదని నాకు ఆ నిమిషం వరకు తట్టనే లేదు. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మర్నాడు చర్చి వెనక సిమెంటు తొట్టిలోకి అక్క ఆ చీరతోనే దిగింది. నీళ్ళలోంచి పైకి లేచినప్పుడు అమ్మ ఏడ్చింది. పక్కన నేనూ ఏడ్చాను, గండం గడిచిందని.

ఇంటికి రాగానే, తల కూడా ఆరకముందే, "నాయనా, ఇంకో రాయి తేవాల" అంది అక్క. సోమవారం సాయంత్రం నాయన తెచ్చాడు... ఈసారి ఏ అంచూ విరగని రాయి. బొగ్గూ లేదు, పసరూ లేదు... ముందు అంచు మీద శుభ్రంగా 'అమ్మ' అని రాశాను.

అమ్మకు చదువు రాదు. అక్షరాల కింద వేలు పెట్టి, "ఏం రాసినావే?" అని అడిగింది. చెప్పాను.

"అమ్మ ఏంది? నాకు పేరు లేదా? మరియమ్మ అని రాయి."

చెరిపి, పెద్ద అక్షరాలతో రాశాను. తన మూట తనే విప్పి, ఒక్కో చీరా మడిచి, ఆ అర మీద పెట్టుకుంది.

ఇప్పుడు ఫోను తెరిస్తే చాలు, వాకిన్ క్లోజెట్లట, బట్టలకే కట్టిన గదుల వీడియోలు... గాజు తలుపులు, లోపల లైట్లు. పోయిన నెల మేమూ చిన్న గదిలో ప్లైవుడ్ ముక్కలు, ఒక స్టీలు పైపుతో ఒకటి చేసుకున్నాం. మొదటి కొలత నా చీర మడతతోనే తీయించాను. ఏమాత్రం మొహమాటపడలేదు.

పలకలు పట్టే పిల్లలు తగ్గిపోయారు... ఆ ఇల్లూ లేదు, ఆ గదీ లేదు. బలపంతో రాసిన ఆ పేరు మాత్రం నాకింకా కనిపిస్తూనే ఉంటుంది.

మీ ఇంట్లో అమ్మ చీరలు ఎక్కడ ఉండేవి... పెట్టెలోనా, దండెం మీదా, మూటలోనా? కింద రాయండి. 'అమ్మ' అని ఊరుకోకండి... ఆమె పేరు కూడా రాయండి.