వంగతోటలో చీర ఏ రంగు

నేను పేపరు ఒకరోజు ఆలస్యంగా చదువుతాను. మా వీధి చివర టీ అంగడిలో పొద్దున వచ్చిన పేపరు పదిమంది చేతుల్లో పడి సాయంత్రానికి నలిగిపోతుంది. మర్నాడు ఆ అంగడాయన బజ్జీలు కట్టడానికి దాన్ని చింపేలోపు నేను వెళ్లి తెచ్చుకుంటాను. కొత్త పేపరుకు దుడ్డు పెట్టడం ఎందుకు? ఉల్లి ధర పడిపోయిందన్న వార్త నేను మర్నాడు చదివినంత మాత్రాన లేచి కూర్చోదు కదా. మూడో తరగతి దాకా చదివినదాన్ని. వేలు కింద పెట్టుకొని, పెదవులు కదుపుతూ చదువుతాను గాని, జిల్లా పేజీలో ఒక్క అక్షరం వదలను. చదివాక ఆ పేపరును గూట్లో డబ్బాల కింద పరుస్తాను.

ఆరోజు జిల్లా పేజీలో ఆదోని పత్తి ధర ఉంది, కోసిగి పోయే బస్సు సగం దారిలో నిలబడిపోయిన వార్త ఉంది. వాటి కింద ఒక పాత సినిమా హాలు బొమ్మ. ఆదోనిలో మూతబడి ఏళ్లయిన ఆ హాలును బాగుచేయించారట. మళ్లీ తెరుస్తూ, మా వయసు వాళ్లందరూ అప్పట్లో అక్కడే చూసిన ఒక పాత సినిమా వేస్తున్నారట. అది నలుపూ తెలుపూ సినిమా. ఇప్పుడు దానికి రంగులు వేశారట.

రంగులు అన్న మాట మీద నా వేలు ఆగిపోయింది. పేపరు చంకలో పెట్టుకొని పక్కింటికి నడిచాను. పక్కిల్లు మా అక్కది. అక్క అంటే మా ఆయన అన్న భార్య, నా తోటికోడలు.

"అక్కా, ఆ సినిమా మళ్లీ వచ్చినాది. ఈసారి రంగుల్లో!" అన్నాను.

ఆమె చాటలో బియ్యం చెరుగుతోంది. ఏ సినిమా అని కూడా అడగలేదు. తలెత్తకుండానే, "వంకాయ రంగే" అంది.

"ఆకుపచ్చ" అన్నాను నేను.

ఈ తగువు ఎక్కడిదో చెప్పాలి. ఎమ్మిగనూరులో మావి నేత ఇళ్లు. మేమిద్దరం కోడళ్లుగా వచ్చిన కొత్తలో సినిమాకు పోవడం మాకు సరదా ఒక్కటే కాదు, పని కూడా. మగవాళ్లు మగ్గం గుంటలో కూర్చొని నేస్తుంటే, అత్త మమ్మల్ని ఆదోనికి మ్యాట్నీకి పంపేది. హీరోయిన్ కట్టిన చీర చూసి రావాలి. అంచు మరచిపోకుండా చీకట్లో కొంగు కొసన ముడులు వేసుకునేవాళ్లం. లావు గీతకు పెద్ద ముడి, సన్న గీతకు చిన్న ముడి, మధ్యలో ఖాళీ ఉంటే ఖాళీ. ఇంటికి రాగానే కాళ్లు కూడా కడుక్కోకుండా మగ్గం పక్కన కూర్చొని, ఆ ముడులు తడుముకుంటూ చెబితే, వాళ్లు ఆ ప్రకారం అంచు నేసేవాళ్లు. కథ ఏమైందని అత్త ఏనాడూ అడగలేదు. మాకూ సగం సినిమాల కథలు తెలియవు. హీరోయిన్ ఏడుస్తుంటే హాలంతా ముక్కులు చీదేది. మేము మాత్రం, "ఆ చెయ్యి పక్కకు తియ్యమ్మా, కొంగు కనపడ్డంల్యా" అని విసుక్కునేవాళ్లం.

ఆ హాలుకు బండల గోడలు, పైన రేకులు. ఆడవాళ్లకు వేరే గేటు. లోపల కూడా ఆడవాళ్లకూ మగవాళ్లకూ నడుమ ఒక గోడ. ఎండాకాలం ఆ రేకుల కింద ఉడికిపోయేవాళ్లం. అయినా హాలు మీది మైకులో పాట మొదలైందంటే బజారు ఆ చివర నుంచి చెప్పులు చేతబట్టుకొని పరుగెత్తేవాళ్లం, పాట ఆగితే తలుపులు మూస్తారని.

అక్కడే ఆ సినిమా చూశాం. అందులో హీరోయిన్ బుట్ట పట్టుకొని వంగతోటలో నడిచి వస్తుంది. ఆ చీర అంచు ఎంత బాగుందంటే, మా ఇద్దరి కొంగులూ ముడులతో నిండిపోయాయి. అంచు దగ్గర పేచీ లేదు, రంగు దగ్గర వచ్చింది. సినిమాలో అంతా బూడిద రంగే. ఆకులు ఏ బూడిద రంగులో ఉన్నాయో చీరా అదే రంగులో ఉంది కాబట్టి ఆకుపచ్చ అన్నాను నేను. బుట్టలో కాయలు ఏ రంగులో ఉన్నాయో చీర అదే రంగులో ఉంది కాబట్టి వంకాయ రంగు అంది అక్క. మా ఆయన నా మాట విని ఆకుపచ్చ నేశాడు. మా బావ ఆమె మాట విని వంకాయ రంగు నేశాడు. రెండూ సంతకు పోయాయి. రెండిటినీ సినిమా చీర అనే అమ్మాం. నెల తిరక్కుండా ఊళ్లో కుళాయిల దగ్గర జగడాలు మొదలయ్యాయి. "నీది దొంగ సినిమా చీర" అని ఒకామె, "నీ కండ్లకే పొర కమ్మింది" అని ఇంకొకామె. చీరలు చిరిగి బొంతలయ్యాయి గాని తగువు తేలలేదు.

ఇప్పుడది మళ్లీ లేవడానికి కారణముంది. మా బావ పోయాక అక్క ఇంట్లో మగ్గం తీసేశారు. మా ఇంట్లో మగ్గం ఉంది గాని, మా ఆయన మోకాళ్లు గుంటలోకి దిగనిస్తే ఎక్కనివ్వడం లేదు. ఇంకొక్క చీర నేసి మగ్గం దిగుతానన్నాడు. మా మనవరాలు, కొడుకు కూతురు, కొత్తగా బడిలో టీచరుగా చేరింది. ఆ ఆఖరి చీర తనకే కావాలంది. నూలు తెల్లగా అలాగే పడి ఉంది, రంగు అద్దలేదు. నేను ఆకుపచ్చ అంటాను. అక్క వచ్చి గడపలో కూర్చొని, "నా మగ్గం ఎట్లాగూ పాయ. ఈ ఇంట్లో కడాకు నేసే చీరన్నా ఆయన నేసిన రంగులో ఉండల్ల" అంటుంది. ఆయన అంటే మా బావ. ఆ మాటలో న్యాయముంది. న్యాయముందని ఒప్పుకునే అలవాటు నాకు లేదు.

పేపరు చూసి మనవరాలే తీర్పు చెప్పింది. "అవ్వా, పెద్దవ్వా, మీ పంచాయితీలో నేను దూరను. సినిమాలో ఏ రంగుంటే తాత ఆ రంగే నేస్తాడు. సరేనా?"

"సరే" అన్నాం ఇద్దరం, గెలుపు చేతిలో ఉన్నట్టే.

ఆదివారం ముగ్గురం ఆదోని బస్సెక్కాం. హాలు దగ్గర ఏవేవో కొత్త తిండ్లు అమ్ముతున్నారు. నేను ఇంటి నుంచే బొరుగులు వేయించి మూట కట్టుకొచ్చాను. గేటు దగ్గరాయన ఆపాడు.

"అవ్వా, బయటి తిండి లోపలికి పోనియ్యరు."

"తిండి కాదప్పా, బొరుగులు."

"బొరుగులు తిండి కాదా?"

"ఆకలికి తింటే తిండి. ఊరికే నోరాడిచ్చేదానికి తింటే అది తిండి యాడైతాది?"

ఆయన మా మనవరాలి వైపు చూసి, "ఇంట్ల గూడా ఇట్లేనా తల్లీ?" అన్నాడు. "ఇంట్లో ఇంకా ఎక్కువన్నా" అందా పిల్ల. నవ్వుతూ వదిలేశాడు.

లోపల నడుమ గోడ లేదు. రేకులు కనపడకుండా పైన ఏదో కప్పారు. మెత్తటి కుర్చీలు, చలి. కొంగులు భుజాల నిండా కప్పుకున్నాం. బొమ్మ పడింది. ఇల్లు ఎర్రగా, ఆవు గోధుమ రంగులో, ఆకాశం నీలంగా వస్తుంటే మా చుట్టూ ఉన్న ముసలివాళ్లంతా చిన్నపిల్లల్లా "అబ్బా" అంటున్నారు. మేమిద్దరం మాత్రం ఊపిరి బిగబట్టి వంగతోట కోసం కాచుకున్నాం. అక్క నా చేయి పట్టుకుంది. ఓడిపోతే గిచ్చడానికేమో అనుకున్నాను.

వంగతోట వచ్చింది. ఆకులు పచ్చగా ఉన్నాయి. బుట్టలో కాయలు నిగనిగలాడుతున్నాయి. వాటి మధ్య ఆమె నడిచి వచ్చింది.

చీర గులాబీ రంగు.

అక్క లేచి నిలబడింది. "ఎవుడప్పా ఈ రంగేసినోడు? వంకాయలు కోసేదానికి గులాబీ చీర కట్టుకొని ఎవురన్నా పోతారా?"

"కూసో పెద్దమ్మా, బొమ్మ కనపడ్డంల్యా" అన్నాడు వెనక నుంచి ఒకాయన.

"కనపడకుంటేనే మంచిది నాయనా!"

మనవరాలు కొంగు నోట్లో కుక్కుకొని నవ్వుతోంది. బయటికి వచ్చాక, "మాట మాటే. గులాబీ!" అంది.

"గులాబీ లేదు, గాడిదగుడ్డు లేదు" అన్నాం ఇద్దరం ఒక్కసారే.

తిరుగు బస్సులో నేనూ అక్కా ఒకే సీట్లో కూర్చున్నాం. ఆ తగువు వచ్చాక పెళ్లిళ్లకు పోయినా వేరే వేరే సీట్లలో కూర్చునేవాళ్లం.

"ఆకులకు రంగు బాగనే ఏసినాడు" అన్నాను నేను.

"కాయలకూ బాగనే ఏసినాడు."

"సీర కాడికి వచ్చేతలికి డబ్బా అయిపోయింటాది."

ఆమె బొరుగుల మూట తీసుకొని నాకింత పెట్టింది. ఊరొచ్చేదాకా ఆ రంగులవాణ్ణి తిట్టుకుంటూ హాయిగా వచ్చాం.

ఇంటి దగ్గర మా ఆయన మగ్గం గట్టు మీద కాచుకొని ఉన్నాడు. "ఏం రంగు?" అన్నాడు. మేము చెప్పులు విడిచే పనిలో పడ్డాం. మనవరాలు చెప్పింది. ఆయన పళ్లు లేని నోటితో చాలాసేపు నవ్వాడు. "నేనా సినిమా సూసిందే లేదు. మా అన్నా సూడలేదు. మీరు సెప్పినారు, మేము నేసినాము. ఇప్పుడన్నా ఏదో ఒకటి సెప్పండి."

అక్క గడపలో కూర్చొని కాసేపు నేల గీకింది. తరువాత, "పడుగు నీ ఆకుపచ్చ ఏసుకో మే" అంది. మగ్గం మీద నిలువుగా సాగదీసే దారాలు పడుగు. "పేక మాత్రం మాది." అడ్డంగా పోయే దారం పేక.

"పేకే గదా పైకి తేలేది?" అన్నాను. ఊరికే ఒప్పుకుంటే నేను నేనెట్లా అవుతాను?

"రెండూ సమంగా తేల్తాయిలే" అన్నాడు మా ఆయన. "మా అన్నా నేనూ ఒకే మగ్గంలో కూసున్నెట్లు."

అక్క ముఖం పక్కకు తిప్పుకుంది. నేను నీళ్లు తేవడానికి లోపలికి పోయాను.

"మరి గులాబీ?" అంది మనవరాలు.

"అంచులో సన్న గీత" అన్నాడు. "పాపం, వాడూ కష్టపడి ఏసినాడు గదా."

ఆ చీర ఇప్పుడు మా మనవరాలు బడికి కట్టుకుపోతుంది. ఎండలోకి వస్తే ఆకుల రంగు, నీడలోకి పోతే కాయల రంగు. ఏం రంగు చీర టీచరమ్మా అని తోటివాళ్లు అడిగితే, "మా ఇంట్లో ఇంకా తేల్లేదు" అని చెబుతుందట.

నేత పూర్తయిన ఆ చీరను మగ్గం మీంచి కోసి, మా ఆయన గుంటలోంచి ఆఖరిసారి పైకి వచ్చాడు. నాలుగు రోజులు వీధిలో అటూ ఇటూ తిరిగాడు. ఐదో రోజు, "ఇంక నాకేం పని? ఆ హాలు నాకూ సూపియ్యి" అన్నాడు. అప్పటికి అక్కడ సినిమా మారిపోయింది. ఏదైతేనేం, బొరుగులు వేయించాను. గేటు దగ్గరాయన మూట చూశాడు, నన్ను చూశాడు, పక్కకు జరిగాడు. మా ఆయనా నేనూ ఒక హాల్లో పక్కపక్కన కూర్చోవడం అదే మొదటిసారి. కొత్త సినిమా, అంతా గోల. నడుమ ఎవరో అమ్మాయి మంచి చీర కట్టుకొని వచ్చింది. నా చేయి తనంతట తానే కొంగు కొసకు పోయింది.

"నేను మగ్గం దిగితిని గదా, ఎవురికే ఆ ముడులు?" అన్నాడు మా ఆయన.

"ఊరికే" అన్నాను.

ఆయన తెర మీద ఆ చీర అంచు వైపు చూశాడు. తరువాత నా వైపు వంగి, కొంగు కొస అందుకొని చీకట్లో తడిమాడు.

"సన్న గీత ఒకటి వదిలేసినావు సూడు."