మాదాపూర్‌లో చల్లని తుంపర

తొంభై తొమ్మిది వేసవిలో హైదరాబాదు వెళ్లాలని నేను అనుకోలేదు. కాకినాడలో ఒక ఎరువుల ఫ్యాక్టరీలో నీటి పరీక్షలు చేసే ఉద్యోగం నాది. ఏడాదికోసారి వచ్చే మరమ్మతుల పని ముగిసి వారం సెలవు దొరికింది. ఆ వారం పచ్చళ్లు పెట్టుకుందామని కాయ కూడా బేరమాడి ఉంచాను. అంతలో మా మరిది ప్రసాదు ఆఫీసుకి ఫోన్ చేశాడు. మా చెల్లెలు సుధ భర్త. మాదాపూర్‌లో కొత్తగా కట్టిన ఒక కంప్యూటర్ కంపెనీ భవనంలో కరెంటు, ఏసీ చూసుకునే ఇంజనీరు.

“వదినగారూ, మా కూలింగ్ టవర్ నీళ్లు చెరువు కంపు కొడుతున్నాయండి. లోపల చల్లదనం రావడం లేదు. ఒకసారి వచ్చి చూస్తారా?” అన్నాడు. ఏసీ యంత్రం నుంచి వేడిని మోసుకొచ్చే నీటిని పైనుంచి జల్లులా కురిపించి, పెద్ద ఫ్యానుతో చల్లార్చి, మళ్లీ లోపలికి పంపే నిలువెత్తు పెట్టెను కూలింగ్ టవర్ అంటారు. మా ఫ్యాక్టరీలో అలాంటివి నా చేతి కిందే ఉంటాయి. పచ్చళ్ల పని పక్కింటావిడకి అప్పగించి సోమవారం సాయంత్రం గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను.

స్లీపర్ బోగీలో నాకు కింది బెర్తు దొరికింది. వేసవిలో వెళ్లేవాళ్లు మూడు వారాల ముందే టికెట్ కొనుక్కోవడం మంచిది. నాది మా ఆఫీసు ప్యూను పుణ్యం. ఎదుటి బెర్తులో సామర్లకోటలో ఎక్కిన ఒక పెద్దావిడ నా చేతిలోని చిన్న పెట్టెను చూసి అందులో పూతరేకులా అని అడిగారు. నీళ్లలో క్రిములు చూసే పలకలండీ అన్నాను. ఆవిడ తన మరచెంబు మూత గట్టిగా బిగించి, “మా బోరు నీళ్లు మంచివేనండి” అన్నారు. రాజమండ్రి దాటే లోపు ఇద్దరం పులిహోర పంచుకున్నాం.

పొద్దున్న ఆరున్నరకి సికింద్రాబాదు. స్టేషను ఎదురుగా సందులో ఇడ్లీ, ఇరానీ చాయ్. కొండాపూర్ బస్సు కోసం ముప్పావుగంట నిలబడ్డాను. వెళ్లేవాళ్లు ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చుంటే ఎండ తగలదు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా నగరమే. ఆ తరువాత ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న బండరాళ్లు, వాటి మధ్య ఎర్రమట్టి తవ్వకాలు, క్రేన్లు, ఉన్నట్టుండి ఒక అద్దాల మేడ. కండక్టరు నన్ను చూసి, “నౌకరీకా అమ్మా? గీ నడుమ అందరు గీడికే వస్తుండ్రు” అన్నాడు. నీళ్లు చూడ్డానికంటే నమ్మడని నవ్వి ఊరుకున్నాను.

సుధ వాళ్లు కొండాపూర్‌లో రెండు గదుల వాటాలో ఉంటున్నారు. స్నానం, భోజనం అయ్యాక మూడింటికి ప్రసాదు స్కూటరు మీద ఆ భవనానికి వెళ్లాను. టవర్ మేడ మీద కాదు, వెనుక నేల మీదే ఉంది. దాని పక్కన రెండో మేడ కడుతున్నారు. ఆ పనికి పాలమూరు నుంచి వచ్చిన కుటుంబాలు రేకుల షెడ్లలో ఉంటున్నాయి.

నేను ముందుగా చూసింది నీటిని కాదు, తుంపరను. టవర్ పైనుంచి సన్నని జల్లు లేచి, పడమటి గాలికి సరిగ్గా ఆ షెడ్ల మీద పడుతోంది. మే నెల ఎండలో అక్కడొక్కచోటే నేల తడిగా, చల్లగా ఉంది. మంచాలన్నీ అక్కడికే చేరాయి. ముగ్గురు పిల్లలు జల్లులో గెంతుతున్నారు. ఒక ముసలాయన నులక మంచం మీద పడుకుని దగ్గుతున్నాడు. ఆయన పేరు మల్లయ్య, సిమెంటు గోదాముకి కాపలాదారని ప్రసాదు చెప్పాడు. మంచం పక్కన బియ్యం ఏరుతున్నది ఆయన కోడలు ఎల్లమ్మ.

టవర్ కింది తొట్టిలో చెయ్యి పెడితే వేళ్లకి జారుడు పాచి అంటుకుంది. గోడలకి సున్నం పెచ్చులు కట్టింది. తుంపర బయటికి పోకుండా ఆపే ప్లాస్టిక్ పలకలు పైన ఉండాలి, లేవు. గాలికి అడ్డమని ఎవరో విప్పి గోడకి ఆనించారట. గోరువెచ్చని నీరు, పాచి, సున్నం కలిసిన చోట లీజియొనెల్లా అనే సూక్ష్మజీవి పెరగగలదు. ఆ నీరు తాగితే కాదు, తుంపరను పీలిస్తే అది ఊపిరితిత్తుల్లోకి చేరి న్యుమోనియా తెస్తుంది. ముసలివాళ్ల మీద, పొగతాగేవాళ్ల మీద దాని దెబ్బ ఎక్కువ. మల్లయ్య మంచం కింద చుట్ట ముక్కలు కనిపించాయి.

నేను క్రిములు చూసే పలకల్ని ఆ తొట్టి నీళ్లలో ముంచి నా పెట్టెలో పెట్టుకున్నాను. తరువాత ఎల్లమ్మ దగ్గర కూర్చుని మంచాలు గాలికి ఎదురువైపు జరపమని చెప్పాను. ఆమె ఏరుడు ఆపలేదు.

“ఆడ రేకుల కింద కూసుంటే పానం పోతది మేడం. దేవుడిచ్చిన చల్లదనం లెక్క ఉన్నది ఇది. దీంట్ల ఏముంటది?”

కంటికి కనపడని పురుగు ఉండొచ్చని, అది దగ్గు తెస్తుందని చెప్పాను. ఆమె మామ వైపు చూసింది. దగ్గు ఎన్నాళ్ల నుంచని అడిగితే నాలుగు దినాలంది. రాత్రిళ్లు చలితో వణుకుతున్నాడట. లేచి ముందు ఆయన మంచమే పట్టుకుంది. రెండో కొస నేను పట్టుకున్నాను. ఆ రోజే ప్రసాదు టవర్ ఫ్యాను వేగం తగ్గించి, ప్లాస్టిక్ పలకలు ఉన్నంతవరకు తిరిగి బిగించాడు.

మర్నాడు మల్లయ్య జ్వరం ఇంకా పెరిగింది. ఆటోలో సర్కారు దవాఖానకి తీసుకెళ్లాం. వరసలో గంటన్నర కూర్చున్నాం. చూసింది ఒక యువ డాక్టరమ్మ. ఛాతీ ఎక్స్‌రే తీయించి న్యుమోనియా అన్నారు. నేను టవర్ సంగతి చెప్పాను. చెప్పేటప్పుడు, నా పని నీళ్లదని, వైద్యం నాకు తెలియదని కూడా అన్నాను. ఆవిడ రాస్తున్న చీటీ ఆపారు. “పుస్తకంలో చదివానండి, కేసు చూడలేదు. ఇక్కడ ఆ పరీక్ష లేదు. కానీ దానికి పనిచేసే మందు ఉంది, కలిపి ఇస్తే నష్టం లేదు,” అని చీటీలో ఇంకో మందు రాశారు. ఎల్లమ్మ అక్కడే ఉండిపోయింది.

పరీక్ష పలకల్ని సుధ వంటింటి అలమారలో పెట్టాను. మే నెల హైదరాబాదులో వాటిని వెచ్చగా ఉంచడానికి వేరే పెట్టె అక్కర్లేదు. గురువారానికల్లా పలక నిండా చుక్కలు లేచాయి, మధ్యలో ఖాళీ లేదు. “ఇది నా పప్పుల డబ్బా పక్కనా పెట్టావు అక్కా” అని సుధ అలమారంతా కడిగింది.

వాటిని పట్టుకుని భవనం మేనేజరు దగ్గరికి వెళ్లాం. గుంటూరు వైపు మనిషి, మర్యాదస్తుడు. టవర్ కడగాలంటే ఒక రోజు ఏసీ ఆపాలి. ఆ అద్దాల మేడలో కిటికీలు తెరుచుకోవు. ఆయన పలకను వెలుగుకి పట్టి చూసి, ఇది ఆ జబ్బు క్రిమేనా అని అడిగారు.

“కాదో అవునో ఇది చెప్పదండి. క్రిములు బాగా పెరిగాయని మాత్రమే చెబుతుంది,” అన్నాను.

“ప్రమాదం లోపలి వాళ్లకా, బయటి వాళ్లకా?”

లోపలి వాళ్లకేనని చెప్పి భయపెడితే పని తొందరగా అయ్యేది. “ముందు బయటి వాళ్లకండి. గాలి తిరిగి, తుంపర మీ ఏసీ బయటి గాలి తీసుకునే జాలీ వైపు వెళ్లిన రోజు లోపలి వాళ్లకి కూడా,” అన్నాను.

ఆయన లేచి కిటికీ దగ్గర నిలబడ్డారు. అక్కణ్ణుంచి షెడ్లు కనిపిస్తాయి. శనివారం ఆపుకోండి, ముఖ్యమైన కంప్యూటర్ల గదికి విడి ఏసీ ఉంది కదా అన్నారు. ప్రసాదు మెట్లు దిగేటప్పుడు గట్టిగా ఊపిరి వదిలాడు.

శుక్రవారం నీళ్లలో కలిపే మందుల కోసం రసాయనాల ఫ్యాక్టరీలుండే జీడిమెట్లకి. కూకట్‌పల్లి, బాలానగర్ మీదుగా స్కూటరు మీద గంట ప్రయాణం. బాలానగర్ దాటాక గాలి వాసనే మారిపోతుంది. ముక్కుకి గుడ్డ కట్టుకుని వెళ్లడం మేలు. మందు అమ్మే చిన్న కంపెనీ యజమాని మాకు చాయ్ తెప్పించి, “కంప్యూటరోళ్లు మా తానకి రావుడు ఇదే మొదలు మేడం,” అన్నాడు. క్లోరిన్ మందు, పాచిని విడగొట్టే ద్రవం, మార్చి మార్చి వేసేందుకు మరో మందు, పనివాళ్లకి మూతి మాస్కులు కొన్నాం. తిరుగుదారిలో కూకట్‌పల్లి మెస్సులో గోంగూరతో భోజనం. ఆ దారిన వెళ్లేవాళ్లు ఒంటిగంట లోపు చేరాలి, తరువాత పెరుగు ఉండదు.

శనివారం పొద్దున్నే ఫ్యాను ఆపి, ముందు క్లోరిన్ కలిపి నీటిని తిప్పాం. తరువాత తొట్టి ఖాళీ చేశాం. నలుగురు పనివాళ్లు మాస్కులు కట్టుకుని లోపల పాచి గీకారు. నల్లటి బురద బకెట్ల కొద్దీ వచ్చింది. మేనేజరు కాసేపు నిలబడదామని వచ్చి మధ్యాహ్నం దాకా ఉండిపోయారు. మళ్లీ నింపి, క్లోరిన్ వేసి, తిప్పి, కడిగి, కొత్త నీళ్లు పట్టాం. ఎవరూ వాడని పై అంతస్తుల కొళాయిలన్నీ తిప్పి నిలవ నీరు వదిలించాం. విరిగిన ప్లాస్టిక్ పలకల బదులు కొత్తవి బిగించాక సాయంత్రం ఫ్యాను వేశారు. నేను షెడ్ల వైపు వెళ్లి, టవర్ మీంచి వచ్చే గాలికి చెయ్యి చాచి నిలబడ్డాను. చేతి మీద ఒక్క చుక్క పడలేదు. ఆ రోజు తిన్న ఉప్మాకి వచ్చిన రుచి మరెప్పుడూ రాలేదు.

ఆదివారం షెడ్ల దగ్గరికి వెళితే ఎల్లమ్మ దవాఖాన నుంచి బట్టలకోసం వచ్చి ఉంది. మామకి జ్వరం దిగిందని, చుట్ట అడుగుతున్నాడని చెప్పింది. జబ్బు ఆ క్రిమి పనేనా, తగ్గడం రెండో మందు పనేనా, నాకు ఎప్పటికీ తెలియదు. ఆమె తుంపర ఆగిన చోటుని చూస్తూ నిలబడింది.

“మంచిగనే చేసినవ్ అక్కా. గని ఎండలకు పోరగాండ్లు యాడికి పోవాలె?”

మేడం పోయి అక్క అయ్యాను. వెళ్లి షెడ్లకి నీడ, నీళ్లు కావాలని మేనేజరుని అడిగాను. సాయంత్రానికల్లా రేకుల మీదికి వెదురు తడకలు, మంచినీళ్ల కొళాయి వచ్చాయి. తుంపరంత చల్లదనం కాదు. అయినా పిల్లలు అప్పుడే ఆ కొళాయి కింద తల పెట్టడానికి పోట్లాడుకుంటున్నారు.

సోమవారం సాయంత్రం గౌతమి ఎక్కాను. ప్రసాదు, సుధ స్టేషనుకి వచ్చి సపోటాలు ఇచ్చారు. ప్రతి వారం నీళ్లు పరీక్షిస్తానని ప్రసాదు బండి కదిలేదాకా చెబుతూనే ఉన్నాడు. కొత్త నగరాన్ని నేను వెనుకవైపు నుంచి చూశాను. ముందువైపు ఎలా ఉంటుందో సరిగ్గా చూడనేలేదు. అయినా తృప్తిగానే ఉంది.

ఎదురుగా కూర్చున్న తుని ఆయన హైదరాబాదులో ఏం చూశారండీ అని అడిగారు.

“మాదాపూర్‌లో ఒక టవర్ చూశానండి.”

“ఓహో, టీవీలో చూపించారు, గుండ్రంగా ఉండే కంప్యూటర్ల మేడ, అదేనా? వచ్చే నెల మేమూ వెళ్తున్నాం. పిల్లల్ని తీసుకెళ్లొచ్చాండీ?”

“ఇప్పుడు తీసుకెళ్లొచ్చండి,” అన్నాను.