పంజాగుట్ట తొట్టిలో ఆకులు రాల్చిన రొటాలా

అది 2000వ సంవత్సరం. అమీర్‌పేటలో నా అక్వేరియం దుకాణం. పై అంతస్తులో జావా, పక్క మేడలో సీ ప్లస్ ప్లస్, మధ్యలో నా గోల్డ్‌ఫిష్‌లు. వీధిలో కోచింగ్ కరపత్రాలు ఎంత ధారాళంగా పంచేవారంటే, పొద్దుగూకేసరికి నా చేతిలో పోగైన కాగితాలతో ఒక పెళ్లికి షామియానా వేయొచ్చు. వినీ వినీ నా చేపలకు కూడా కోడింగ్ వచ్చేసిందేమో అనిపించేది.

అప్పట్లో పంజాగుట్టలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ రిసెప్షన్‌లో చార్మినార్ కన్నా కాస్త చిన్న తొట్టి పెట్టాను. అందులో రొటాలా అనే నీటి మొక్కలు. నాటిన కొద్ది రోజులకే వాటి ఆకులు పలచబడి, కరిగి రాలిపోయేవి. మా వ్యాపారంలో దీన్ని మెల్టింగ్ అంటాం. కంగారుపడొద్దని ఎంత మొత్తుకున్నా ఎండీ గారు వినేవారు కాదు. ప్రతి సోమవారం తొట్టి ముందు నిలబడి, ఆకు వాడిన మొక్కను పీకించి కొత్తది తెప్పించేవారు. మనుషుల విషయంలోనూ ఆయన పద్ధతి ఇదేనని ఆఫీసులో గుసగుస.

ఒక మధ్యాహ్నం అక్కడ అడ్మిన్ పనులు చూసే నర్సింహ పరుగెత్తుకొచ్చాడు. అతని చెమటకు హుస్సేన్‌సాగర్ ఒక అడుగు పెరిగి ఉంటుంది.

“అన్నా, మళ్ల గట్లనే అయినయి! ఫారిన్ క్లయింట్లు వస్తుండ్రు. అప్పటికి తొట్టి పచ్చగ లేకపోతే నన్ను సుత పీకేస్తా అన్నడు సార్.”

“అవి చావలే తమ్మీ, బట్టలు మార్చుకుంటున్నయి. జర ఆగు, పీకకు.”

నర్సరీలో రొటాలాను తడి మట్టిలో, గాలిలో పెంచుతారు. దాన్ని ఎమర్స్‌డ్ పెంపకం, అంటే నీటిపైన పెంచడం అంటారు. గాలికి ఎండిపోకుండా ఆకు గుండ్రంగా, మందంగా వస్తుంది. అదే మొక్కను నీళ్లలో ముంచితే ఆ ఆకు పనికిరాదు. నీటిలోని గాలిని నేరుగా పీల్చుకునే సన్నని, పలచని ఆకు కావాలి. అందుకే పాతవి వదిలేసి కొత్తవి వేసుకుంటుంది. అమెజాన్ నుంచి అమీర్‌పేట దాకా చాలా నీటి మొక్కలది ఇదే తీరు. నీటి లోతు, వెలుతురు, ప్రవాహం మారితే ఆకు రూపమే మారిపోతుంది. మన ఎండీ గారేమో కొత్త ఆకు వచ్చేలోపే మొక్కను మార్చేస్తున్నారు.

“అప్పటిదాంక గా బోడి తొట్టి జూసి సార్ ఊకుంటడా?” అన్నాడు నర్సింహ.

మర్నాడు తనే ఉపాయం కనిపెట్టాడు. తొట్టికి ‘అప్‌గ్రేడ్ జరుగుతోంది’ అని బోర్డు తగిలించాడు. ఆ రోజుల్లో ఆ మాటకు ఎదురు చెప్పగల మొనగాడు పంజాగుట్టలో పుట్టలేదు. సోమవారం వచ్చిన ఎండీ గారు బోర్డు చదివి, గౌరవంగా తలూపి వెళ్లిపోయారట.

కొన్ని వారాలకు చిగుళ్లు వచ్చాయి. సన్నగా, పొడుగ్గా, కొసల్లో ఎర్రగా, పట్టుచీర అంచులా. క్లయింట్లు వచ్చే ముందు రోజు ఎండీ గారు నన్ను పిలిపించారు. నర్సింహ తొట్టి పక్కనే నిలబడి ఉన్నాడు.

“బావున్నాయండీ. ఈ రకం ముందే తెప్పించొచ్చుగా ఇతను?”

“గవే మొక్కలు సార్,” అన్నాడు నర్సింహ.

“ఏంటయ్యా, నాకు కళ్లు లేవనుకున్నావా? వాటివి గుండ్రటి ఆకులు. రకం మార్చేసి నాకే కథలు చెబుతున్నావా? అబద్ధాలాడేవాణ్ణి నేను ఉంచుకోను.”

నేను మోచేతి దాకా చెయ్యి నీళ్లలో ముంచి ఒక కాడను పైకి తీశాను. వేరు దగ్గర రాలకుండా మిగిలిన రెండు గుండ్రటి ఆకులు. అదే కాడకు పైన సన్నని ఎర్రాకులు. ఎండీ గారు కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, ఒక మెగా సీరియల్ మొత్తం అయ్యేంత సేపు చూశారు.

“మళ్లీ నాటేయండి,” అన్నారు నాతో. తర్వాత నర్సింహ వైపు తిరిగి, “రేపు ఆ కాడని వాళ్లకి నువ్వే చూపించు,” అన్నారు.

ఆ కంపెనీ ఇప్పుడు అక్కడ లేదు. ఆ మేడ మెట్లెక్కుతుంటే వినిపించే డయల్-అప్ మోడెం కూత మాత్రం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మొక్క చచ్చిపోయింది, ఇంకోటివ్వమని ఎవరైనా వస్తే, అది ఇంతకుముందు ఎక్కడ పెరిగిందో అడగడం, కాడను వేళ్లతో నొక్కి చూడడం ఆ తొట్టి దగ్గరే నేర్చుకున్నాను. కాడ గట్టిగా ఉంటే మొక్క బతికున్నట్టే, కొత్తది అమ్మకుండా వెనక్కి పంపేస్తాను. దీన్ని వ్యాపారం అనరని మా ఆవిడ అభిప్రాయం.