ఆరడుగుల దూరంలో ఆమెన్

ఆ రోజుల్లో శనివారం ఉంటుందో ఉండదో శుక్రవారం సాయంత్రం దాకా ఎవరికీ తెలిసేది కాదు. క్యాలెండర్‌లో ఉండేదనుకోండి, మా మైదానంలో ఉండాలి కదా! కరోనా ఏడాది అది. అమెరికాలోని ఇల్లినాయిలో, చుట్టూ మొక్కజొన్న చేలు తప్ప మరేమీ లేని ఒక చిన్న కాలేజీలో నేను ఎమ్మెస్ చదువుతూ, ఫీజు తగ్గుతుందని అక్కడి ఫుట్‌బాల్ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. ఇక్కడి ఫుట్‌బాల్ కాలితో ఆడేది తక్కువ, ఒంటితో ఢీకొట్టుకునేది ఎక్కువ. మనుషులు దూరదూరంగా ఉండాలని లోకమంతా మొత్తుకుంటున్న కాలంలో, ఒకరి మీద ఒకరు పడటమే ఆటగా గలవాళ్ళని క్షేమంగా ఆడించడం నా ఉద్యోగం. నాకా ఆట బొత్తిగా తెలియదు. తెలియకపోవడమే అర్హత అన్నట్టు షెడ్యూలూ, జాగ్రత్తలూ రెండూ నా నెత్తినే పెట్టారు.

షెడ్యూలంటే ఏముంది, పొద్దున లేస్తే ఫోన్లే. "ఈ శనివారం మీకు ఖాళీయేనా?" "ఖాళీయేగానీ మా కుర్రాళ్ళకి జ్వరాలు." "పోనీ, వచ్చే శనివారం?" "అప్పుడు మీ వాళ్ళకి జ్వరాలు రావని గ్యారంటీ ఏమిటి?" మా ఇంట్లో పెళ్ళిళ్ళన్నీ జాతకం లేకుండా, ముహూర్తం లేకుండా రిజిస్ట్రార్ ముందు జరిపించిన పెద్దనాన్న శిష్యుణ్ణి నేను. అలాంటివాణ్ణి చివరికి పెళ్ళిళ్ళ పేరయ్యలా సంబంధాలు వెతుకుతూ కూర్చున్నాను. కుదిరిన సంబంధాలు కూడా శుక్రవారం టెస్టు ఫలితాలు రాగానే చెడిపోయేవి. రాసిన మ్యాచ్‌లు తుడిచీ తుడిచీ ఆఫీసు గోడ మీది తెల్లబోర్డు బూడిదరంగుకి తిరిగింది.

నిబంధన సులువైనదే. ఒకడికి పాజిటివ్ వస్తే, అంతకుముందు రెండు రోజుల్లో వాడికి ఆరడుగుల లోపల పావుగంట గడిపిన ప్రతివాడూ గదిలో కూర్చోవాలి. కూర్చున్నవాళ్ళు ఎక్కువైతే మ్యాచ్ లేదు. అందుకని నేను ప్రాక్టీసుని రెండుగా విడదీశాను. రోజూ ఆడే మొదటి వరసవాళ్ళు మైదానానికి ఈ చివర, బెంచీవాళ్ళు ఆ చివర. బస్సులో సీట్లు విడదీశాను, భోజనం బల్లలు విడదీశాను, చివరికి ఒకే షాంపూ పంచుకునే ఇద్దరు మిత్రులని కూడా విడదీశాను (నన్ను వాళ్ళు ఇప్పటికీ క్షమించలేదు). ఇంతా చేశాక సాయంత్రం ఏమయ్యేది? ప్రాక్టీసు ముగియగానే జట్టు మొత్తం మైదానం నడిమధ్యకి పరుగెత్తుకొచ్చి, భుజాల మీద చేతులేసుకుని, తలకి తల ఆనించి, లడ్డూలో బూందీలా ఒక్క ముద్దై ప్రార్థన చేసేది! దాన్ని నడిపేది మా కోచ్. నిద్రలో కూడా టోపీ తీయడని చెప్పుకునేవాళ్ళు, కాబట్టి నేను పెట్టుకున్న పేరు టోపీ కోచ్. ఆయన ప్రార్థన పొట్టిదేమీ కాదు. మోకాళ్ళ దగ్గర మొదలై, అమ్మమ్మల ఆరోగ్యం మీదుగా, బస్సు ఇంజను దాకా వెళ్ళేది. నేను స్టాప్‌వాచ్ పెట్టి చూశాను. ఏరోజూ పావుగంటకి తగ్గలేదు.

ఆ ముద్దలో నాకు బాగా కావలసినవాడు ఒకడున్నాడు. ఏనుగంత మనిషి, మెత్తని మాట. గజరాజు అనేవాణ్ణి. నాలుగేళ్ళుగా జట్టులో ఉన్నాడుగానీ నాలుగేళ్ళుగా బెంచీ మీదే. వాడి స్థానంలో ఆడే ఎర్రగడ్డంవాడికి జలుబు కూడా చేసేది కాదు. మిగతావాళ్ళ జెర్సీలు మట్టికొట్టుకుని ఉతుకుడికి వెళ్తుంటే, వీడిది మాత్రం మడత నలగకుండా ఉండేది. "ప్రొఫెసర్," అన్నాడు ఒకరోజు (వాదిస్తానని నాకు వాళ్ళు పెట్టిన పేరది), "ఈ శనివారం ఒక్కటే మిగిలింది. తర్వాత నా చదువు అయిపోతుంది. ఆడనివ్వకపోయినా ఫరవాలేదు, మ్యాచ్ జరిగితే చాలు. టీవీలో బెంచీ కనిపించినా మా బామ్మ నన్ను పోల్చుకుంటుంది." ఆ శనివారాన్ని ఎలాగైనా నిలబెట్టాలని నేను పంతం పట్టాను.

ఇరవై మూడేళ్ళ హేతువాదికి పంతం వస్తే ఏం చేస్తాడు? ఉపన్యాసం ఇస్తాడు. బుధవారం వానకి ప్రాక్టీసు ఆగిపోతే, కోచ్ గదిలోకి వెళ్ళి, ప్రార్థన వల్ల ప్రపంచంలో ఏ వైరస్సూ చావలేదని, బస్సు ఇంజనుకి కావలసింది ఆయిలేనని, సంఘసంస్కరణ చరిత్రతో సహా వివరించాను. ఆయన ఓపికగా విని, "ప్రొఫెసర్, బయటికి వెళ్ళేటప్పుడు తలుపు వేసి వెళ్ళు," అన్నాడు.

నాకు వాదం నేర్పిన పెద్దనాన్న అప్పుడు షికాగో పక్కనున్న నేపర్‌విల్‌లోనే ఉన్నారు. నెల రోజులుండి పోదామని కూతురి దగ్గరికి, అంటే మా అక్క దగ్గరికి వచ్చి, విమానాలు ఆగిపోవడంతో చిక్కుకుపోయారు. ఫోన్ చేసి గోడు చెప్పుకున్నాను.

"ఒరేయ్ అబ్బాయ్, ఎదురుగా మనిషి కనబడితే చాలు నీకు, మైకు అనుకుంటావు! దేవుడు లేడని ఆ పిల్లలకి ఈ వారమే తెలియాలా? నీకు మ్యాచ్ కావాలా, చప్పట్లు కావాలా?"

"మ్యాచే పెద్దనాన్నా."

"అయితే దేవుడి జోలికి పోకు. దూరం సంగతి ఒక్కటే పట్టుకో. ఎదుటివాడు కాదనలేని ప్రశ్న ముందు అడగాలిరా! ఇన్నేళ్ళూ నీకు నేర్పిందేంటి నేను?"

వెనక నుంచి అక్క కేక వినిపించింది. "నాన్నా, అరవకు! నేను మీటింగ్‌లో ఉన్నా, మ్యూట్ చేయలేదు! మా మేనేజర్ 'హూ ఈజ్ దట్' అంటున్నాడు!"

"హేతువాదినని చెప్పవే!" అన్నారాయన, ఇంకా గట్టిగా.

గురువారం సాయంత్రం జట్టు మధ్యకి పరుగెత్తుకు రాబోతుంటే అడ్డం నిలబడ్డాను. "కోచ్, ఒక్క ప్రశ్న. ఆరడుగుల దూరం నుంచి అడిగితే దేవుడికి వినపడదా?"

టోపీ కోచ్ టోపీ తీశాడు. (లోపల బట్టతల. ఆ రహస్యం ఆరోజే బయటపడింది.) ఆకాశంకేసి చూసి, "వినపడుతుంది," అన్నాడు. "కానీ ఒకళ్ళనొకళ్ళం పట్టుకోవాలి కదా, అది మా పద్ధతి."

దానికి జవాబు గజరాజు దగ్గర ఉంది. వాడు లాకర్ గదిలోకి వెళ్ళి రెండు చేతులనిండా తువ్వాళ్ళు మోసుకొచ్చాడు. "చేతులు పొడుగు చేసుకుందాం కోచ్!"

ఒక్కొక్కరి మధ్య రెండేసి తువ్వాళ్ళు ముడివేసి పట్టుకున్నారు. ముద్ద విచ్చుకుని సగం మైదానమంత వలయమైంది. నేను శానిటైజర్ చల్లుకుంటూ ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి గజరాజు తువ్వాలు చివర ఒక్కటి గాలికి వేలాడుతోంది.

"పట్టుకో ప్రొఫెసర్, ఒకడు తగ్గాడు."

"నేను నాస్తికుణ్ణి."

"తువ్వాలుకి మతం లేదు, పట్టుకో!"

పట్టుకున్నాను. రెండో చేతిలో స్టాప్‌వాచ్. కోచ్ మైకులో మొదలుపెట్టాడు: మోకాళ్ళు, అమ్మమ్మలు, బస్సు. చివర్లో ఆమెన్ అనగానే ఆయన పక్కవాళ్ళు అన్నారు, వాళ్ళ పక్కవాళ్ళు అందుకున్నారు, ఆ మాట వలయం వెంబడే తిరిగి తిరిగి నా దాకా వచ్చి ఆగిపోయింది. అందరూ నా నోటివంకే చూస్తున్నారు. గడియారం చూసుకుని, "పావుగంట దాటింది కోచ్," అన్నాను. మైదానమంతా పగలబడి నవ్వింది.

శుక్రవారం ఫలితం వచ్చింది. ఎర్రగడ్డంవాడికి పాజిటివ్. (ఒంట్లో బాగానే ఉంది, పిజ్జా మాత్రం రుచి తెలియలేదట.) వాడి దగ్గర గడిపినవాళ్ళెవరని లెక్క తీస్తే, గది పంచుకునేవాడు తప్ప ఒక్కడూ లేడు! రోజూ వాడి మెడ మీద చెయ్యేసి ప్రార్థించే గజరాజు, గురువారం తువ్వాళ్ళకి అవతల ఉన్నాడు.

శనివారం వచ్చింది. చిరుజల్లు, బురద, ఖాళీ గ్యాలరీలు. గజరాజు మొదటి నిమిషం నుంచి ఆడాడు. వాడేం చేశాడో నాకు ఈనాటికీ తెలియదు; ఎదుటివాడికి అడ్డంపడటం, ఇద్దరూ కూలడం, లేవడం, మళ్ళీ కూలడం. మేం గెలిచాం. వాడు ముక్కు దగ్గర్నుంచి మడమల దాకా మట్టితో నా దగ్గరికి వచ్చి, ఆరడుగుల అవతలే ఆగి జెర్సీ చూపించాడు. "దీన్ని ఉతకనివ్వను ప్రొఫెసర్!" ఆ వెనకే జట్టంతా ఒక్క గొంతుతో, "చూశావా, ప్రార్థన పనిచేసింది!"

"ప్రార్థన కాదయ్యా, దూరం!" అని నేను ఎంత అరిచినా వినేవాడు లేడు. కోచ్ అయితే తడి కళ్ళతో నాకు థాంక్స్ చెప్పి, వచ్చే ఏడాది ప్రార్థన ఇంకాస్త పొడిగిస్తానన్నాడు.

ఇప్పుడు నేనూ నేపర్‌విల్‌లోనే ఉంటున్నాను, రోజూ రైల్లో షికాగో వెళ్ళి వస్తాను. జట్లు మళ్ళీ ముద్దగా నిలబడి ప్రార్థిస్తున్నాయి, టీవీలో చూసినప్పుడల్లా నా చెయ్యి స్టాప్‌వాచ్ కోసం తడుముకుంటుంది. ఏటా ఆ శనివారం గజరాజు నుంచి మెసేజ్ వస్తుంది: మట్టి జెర్సీ ఫోటో, కింద ఒకటే మాట, 'ప్రార్థన'. మొదటి ఏడు నేను ఆధారాలతో సహా మూడు పేజీల జవాబు రాశాను. రెండో ఏడు ఒక పేజీ. ఇప్పుడు 'ఆరడుగులు' అని మాత్రం రాసి, పక్కన ఒక నవ్వు బొమ్మ పెడుతున్నాను. పెద్దనాన్న చూస్తే ఆ నవ్వుబొమ్మ ఎదుటిపక్షానికి ఇచ్చిన రాయితీ అంటారు. అననివ్వండి. ఆ మూడు పేజీల కుర్రాడు కూడా అలాగే అనేవాడు.