తబసి బంక వచ్చిన దారి

పోయిన నెల ఖమ్మంలో పళ్ల డాక్టరు నాకు కట్టుడు పళ్లు పెట్టి, అవి ఊడకుండా అద్దుకోమని ఒక డబ్బా పొడి ఇచ్చాడు. ఫారిన్ సరుకు. డబ్బా మీద అంతా ఇంగ్లీషే. అరవై దాటాక తెలుగు అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి, అది నా వల్ల కాదు. దేంతో చేశారని అడిగితే ఆయనే చదివి, "చెట్టు బంక తాతా, మన అడవుల్లో దొరికేదే" అన్నాడు. నోట్లో పెట్టుకోగానే గుర్తుపట్టాను. తబసి బంక.

మూడో రోజు పొద్దున ఐదున్నరకు భద్రాచలం బస్సెక్కాను. తొమ్మిదింటికి గోదావరి వంతెన దాటింది. స్టాండు ఎదుట ఇడ్లీ తిన్నాను. చట్నీ ఉత్త నీళ్లు. పదింటికి చర్ల బస్సు, బోర్డు నేనే చదివి ఎక్కాను. పక్కన మిర్చి ఏరి ఇంటికి పోతున్న ఒకామె, ఒళ్లో కొత్త ప్లాస్టిక్ బిందె.

"చుట్టాలింటికా తాతా?"

"కాదు. తిట్లు తినడానికి పోతున్న."

"గట్లయితే జల్దీ పో. అన్నం తిన్నంక ఎవ్వరికీ తిట్టబుద్ధి గాదు."

ఆమె దిగిపోయాక మాట్లాడేవాళ్లు లేరు. ఒకప్పుడు ఈ దారిలో నన్ను పలకరించనివాళ్లు లేరు. బంక కొనే ఒక షావుకారు తరఫున చర్ల సంతలో తూకం వేసేవాణ్ణి. చెట్టుకు చిన్న గాటు పెట్టి, అది మానేదాకా ఆగడం బంక తెచ్చే గూడెంవాళ్ల పద్ధతి. విదేశాల్లో గిరాకీ పెరిగిందని షావుకారు అనగానే నేను పోయి, చుట్టూ పెద్ద గాట్లు పెట్టమన్నాను. ఆ గూడెంలో బంక తీసే సోమక్క మొగుడు వద్దన్నాడు. వినకపోతే సరుకు కొననన్నాను. మూడేళ్లలో చెట్లు ఎండిపోయాయి. షావుకారు ఇంకో అడవి చూసుకున్నాడు.

పన్నెండింటికి చర్లలో దిగి, కొంత ఆటోలో, కొంత నడిచి గూడెం చేరాను. సోమక్క వాకిట్లో ఇప్పపువ్వు ఆరబోస్తోంది.

"ఏందయ్యా కాంటాయనా, ఇంక బతికే ఉన్నవా?"

మొగుడు పోయాడని ఆమె చెబితేనే తెలిసింది. డబ్బా ఆమె చేతిలో పెట్టి సంగతి చెప్పాను. వాసన చూసి, చిటికెడు నాలుక మీద వేసుకుంది. ఆమె నోట్లో ఒక్క పన్నూ లేదు.

"మా చెట్లన్నీ నీ నోట్లకే పోయినయా?" అని పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"తప్పు నాదే, సోమక్కా."

"అవ్, నీదే."

అంతే. జొన్న జావ పోసింది. పళ్లు తీసి జేబులో వేసుకుని తాగాను. లేస్తూ, ఒక్క చెట్టన్నా మిగిలిందా అని అడిగాను.

"ఒకటుంది. మా ఆయన దాచిండు."

"చూసిపోత."

"చూపియ్య."

మళ్లీ అడిగాను. ఆమె పోయి పువ్వు తిరగేయసాగింది. డబ్బా కోసం చెయ్యి చాపితే, "గిది మాది" అని కొంగున కట్టుకుంది.

ఆ గూడేనికి వెళ్లేవాళ్లు నీళ్లు వెంట తీసుకెళ్లండి, దారిలో దొరకవు. చర్లలో మూడున్నర బస్సు దొరికింది. భద్రాచలం దాకా పక్క సీటు ఖాళీ. పొడి లేక పళ్లు జేబులోనే ఉన్నాయి. ఆ చెట్టు నాకు చూపించకపోవడమే మంచిదయింది. చూపిస్తే దాని దారి కూడా ఇక్కడ రాసేవాణ్ణి.