లాంతరు పిల్ల

నా చిన్నప్పుడు, అంటే తొంభైలలో, మా అవ్వ విసిగించినంతగా నన్ను ఇంకెవరూ విసిగించలేదు. అవ్వంటే మా అమ్మకు అమ్మ. బెంగళూరు చిక్కపేట వెనక సందులో మా ఇల్లు. పెద్దవాళ్లందరూ పనులకు పోతే సెలవుల్లో అవ్వా నేనూ మిగిలేవాళ్లం. అప్పటికే ఆమెకు చూపు పూర్తిగా పోయింది.

అవ్వకు తీరని కోరిక ఒకటుండేది. తనకు ఏడెనిమిదేళ్లప్పుడు, సినిమాలకు ఇంకా మాటలు రాని రోజుల్లో, వాళ్ల నాయనతో పోయి టెంటు హాల్లో ఒక దొరల బొమ్మ, అంటే తెల్లవాళ్ల సినిమా, చూసిందట. అందులో రైలు గేటు కాపలావాణ్ణి చేయని తప్పుకు జైల్లో పెడతారు. అతను నిర్దోషి అని చెప్పగలిగిన మనిషి ఒక్కడే, కొండ అవతలి ఊళ్లో ఉంటాడు. కాపలావాడి కూతురు లాంతరు పట్టుకుని మంచులో ఆ ఊరికి బయలుదేరుతుంది. సరిగ్గా అక్కడ గాలివాన వచ్చి టెంటు కూలింది. ఆ పిల్ల చేరిందా లేదా అన్నది అరవై ఏళ్లుగా అవ్వను తొలుస్తూనే ఉంది. మా ఇంట్లో ఆ కథ వినని గోడ లేదు.

వినీ వినీ, బట్టల అంగట్లో పనిచేసే మా మామ ఒక పాత సినిమాల పిచ్చాయన దగ్గర ఆ సినిమా క్యాసెట్టు సంపాదించుకొచ్చాడు. "ఐదింటికంతా వాపసు ఇయ్యాల. అవ్వకి అంతా చెప్పు పాపా" అని వీసీఆర్‌లో పెట్టి వెళ్లిపోయాడు.

నాకు ఒళ్లు మండింది. పక్కింటి టీవీలో పాటల సినిమా గోడ దాటి వినిపిస్తోంది. నా ముందేమో నలుపూ తెలుపూ, చప్పుడు లేదు. మధ్యమధ్యలో మాటలు రాసిన ఇంగ్లీషు అట్టలు తెర మీదికి వచ్చేవి. ఇంగ్లీషు బడి చదువన్న గర్వం ఒకటి ఏడ్చింది కదా, వాటిని గడగడా చదివి తెలుగులో చెప్పేసి, అట్ట లేనంతసేపూ చెవి పక్కింటివైపు పెట్టేదాన్ని.

అవ్వ ఊరుకుంటేనా. "ఇప్పుడేం చేస్తాండాది ఆ పిల్ల?"

"ఏం లే. నిలబడి ఉండాది."

"మొగం ఎట్లుండాది?"

"మొగం మాదిరే ఉండాది అవ్వా! అట్ట వస్తే నేనే చెప్తా, ఊరుకో."

అవ్వ నొచ్చుకుంది. అప్పట్లో తెర పక్కన నిలబడి కథ చెప్పడానికి ఒక మనిషి ఉండేవాడట. "ఆయప్పకి అట్ట చదివేకి రాదు. అయినా టెంటంతా ఏడిస్తిమి" అంది. నాకు ఇంకా చిరాకేసింది.

చివరికి పిల్ల లాంతరు పట్టుకుని మంచులో అడుగుపెట్టింది. టెంటు కూలింది ఇక్కడే. అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేనూ విసుగు మరిచి ముందుకు జరిగాను. అప్పుడు పోయింది కరెంటు!

ఏడుపొచ్చింది నాకు. టైము నాలుగున్నర. కరెంటు పోతే అరగంటకు తక్కువ రాదు. అవ్వేమో, "ఊఁ, పోతాండాదా?" అని అడుగుతూనే ఉంది. చప్పుడు లేని బొమ్మ, ఆగిందని ఆమెకెలా తెలుస్తుంది? మధ్యాహ్నమంతా ఆమెను కసిరిన నోటితో, ఇప్పుడు ఆగిపోయిందని చెప్పడానికి మనసొప్పలేదు. "పోతాండాది అవ్వా" అన్నాను.

నల్లటి టీవీ ముందు కూర్చుని చెప్పుకుంటూ పోయాను. చదవడానికి అట్టలు లేవు. పిల్ల అరచేతికి గుడ్డపీలిక చుట్టుకుందని, వాళ్ల నాయన బూట్లు పెద్దవై కాళ్లకు నిలవడం లేదని, లాంతరు గాజు ఒకపక్క పగిలిందని చెప్పాను. ఇవన్నీ ఇందాక నేను చూసి, చెప్పకుండా వదిలేసినవే. ఆ తర్వాతిది మాత్రం నా కల్పన. సాక్షి తలుపు తీస్తే పిల్లకు నోరు రాలేదనీ, లాంతరెత్తి చూపిందనీ, ఆ మనిషి కోటు తొడుక్కుని వెంట నడిచాడనీ చెప్పాను.

"జైల్లోంచి వచ్చి నాయన కూతురితో ఏమన్యాడు?"

"ఏమీ అనలే. లాంతరు తాను తీసుకుని ముందర నడిచినాడు."

అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

కరెంటూ మామా ఒకేసారి వచ్చారు. "క్యాసెట్టు ఆయప్ప ఊరికి పోతాండాడు, కింద కాచుకోనుండాడు" అంటూ మామ క్యాసెట్టు తీసుకుని, "చూసినారా?" అన్నాడు.

"చూసినాం నాయనా. బాగుండాది" అంది అవ్వ.

మామ మెట్లు దిగాక ఆమె నావైపు తిరిగింది. "ఫ్యాను గాలి వస్తాండాది. కరెంటు వచ్చినట్టుండాది."

సిగ్గుతో చచ్చిపోయాను. సిగ్గు వెనకే కోపం వచ్చింది. "తెలిసీ ఎందుకు ఊరకుంటివి? మామని కాసేపు నిలబెట్టుంటే అసలుది తెలిసేది కదా!" అని అరిచాను.

"అంతవరకూ నువ్వు అట్టలు చదివితివి పాపా. ఫ్యాను నిలిచినాకే నాకు ఆ పిల్ల కండ్లబడె" అంది అవ్వ.

నా కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఆ క్యాసెట్టాయన మళ్లీ కనబడలేదు. సినిమా పేరు మామ రాసిపెట్టుకోలేదు, నేనూ చూసుకోలేదు. వెతికి వెతికి విసిగిపోయాను. మా పిల్లలు ఎవరి గురించైనా చెప్పబోతే, "మొగం ఎట్లుండాది?" అని అడ్డుపడతాను. వాళ్లకు చిర్రెత్తుకొస్తుంది. రానీ.

ఆ పిల్ల ఊరు చేరిందో లేదో నాకైతే ఈనాటికీ తెలియదు. మా అవ్వకు మాత్రం చేరింది.